మూలిగే తొమ్మిదో నంబరు

అక్కడ అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. ఆమె కన్నా పదేళ్ళు పెద్దవాడైన కంట్రోల్ రూమ్ ఇన్‌ఛార్జి కూడా పిన్నీ అనే అంటాడు. ఈ వరస ఎలా కుదిరిందని ఎవరూ అడగలేదు. ఇరవై ఎనిమిది చక్రాల బండి నడిపే మనిషితో వరసల గురించి వాదన ఎందుకని కాబోలు. ఆ ఎత్తయిన మైదానంలో ఆకాశం నుంచి వచ్చే తరంగాలను పట్టే పన్నెండు రేడియో డిష్‌లను ఒక్కొక్కటిగా ఎత్తుకెళ్ళి ఒక దిమ్మె మీంచి ఇంకో దిమ్మె మీదికి మార్చడం ఆ బండి పని. ఒక్కో డిష్ వంద టన్నుల బరువు. దించేటప్పుడు వెంట్రుకవాసి తేడా రాకూడదు. పందొమ్మిదేళ్ళుగా పిన్ని చేతిలో రాలేదు. ఆ మాట తనంతట తాను చెప్పుకోదు గానీ, ఎవరైనా చెబుతుంటే ఆపేదీ కాదు.

ఇంట్లో ఈ గొప్పతనం చెల్లేది కాదు. "మా కోడలు కొండ మీద గిన్నెలు మోస్తుంది" అని అత్తగారు వీధి వీధంతా చెప్పి పెట్టింది. ఆ డిష్‌లు అందుకునే తరంగాలకు ఎండ అడ్డు రాదనీ, పగలు కూడా పని జరుగుతుందనీ తెలిశాక ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది. "పట్టపగలే చుక్కలు చూపిస్తారటే!" అంది. ముందుగదిలో మిషన్ కుడుతున్న దర్జీ మొగుడు తల ఎత్తకుండానే, "నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ చూపిస్తూనే ఉందిగా అమ్మా" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ చుక్కల్లో ఒక్కదాన్నీ పిన్ని చూడలేదు. కంట్రోల్ రూమ్ తెరల మీద ఏముంటుందో అడగాలని తోచలేదు. అయినా పన్నెండు డిష్‌లూ ఒక్కసారిగా, చప్పుడు లేకుండా, ఏమీ లేని నీలాకాశం వైపు తిరుగుతుంటే మాత్రం బండి ఆపేసేది. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు గగుర్పొడిచేది.

డిష్‌లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. పిన్నికి మాత్రం ఒక్కోదాని గుట్టూ తెలుసు. తొమ్మిదో నంబరు ఎత్తగానే మూలుగుతుంది. నాలుగో నంబరు నోరు మెదపదు. ఆ రెండూ మరమ్మతు షెడ్‌లోంచి ఒకే రోజు బయటికొచ్చాయి. కొత్త రంగు అంటకుండా నంబరు పలకల మీద అంటించిన కాగితం ఇంకా తీయలేదు. దిమ్మె మీద దించే ముందు డ్రైవర్ కిందికి దిగి, పలక మీది నంబరు చూసి, వాకీటాకీలో చెప్పాలి. అది నియమం. ఆ రోజు గాలి ముక్కులు కోసేస్తోంది. దిగాలంటే, అంత ఎత్తులో ఊపిరి చాలదు గనక, ఆక్సిజన్ గొట్టం తగిలించుకోవాలి, కాగితం గోళ్ళతో గీకాలి. పైన డిష్ మూలుగుతూనే ఉంది.

"పిన్నీ, నంబరు చూశారా?" అన్నాడు ఇన్‌ఛార్జి వాకీటాకీలో.

"ఆఁ, చూశాను. తొమ్మిది" అంది పిన్ని సీట్లోంచి కదలకుండా. రెండోదాన్నీ అలాగే దించి వచ్చేసింది.

వారం తర్వాత క్యాంటీన్‌లో ఒక పరిశోధకురాలు పళ్ళెం ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది. దుమ్మును పరిశోధిస్తుందని ఆ పిల్లను అందరూ దుమ్మమ్మాయి అంటారు.

"దుమ్ము కోసం అంత దూరం చూడాలా? మా బండి మీద కావలసినంత ఉంది" అంటూ పిన్ని ఎదురుగా కూర్చుంది.

ఆ పిల్ల నవ్వబోయి నవ్వలేకపోయింది. చెంచాతో పళ్ళెం అంచు చుట్టూ గీస్తూ చెప్పింది. "ఈ మధ్యే పుట్టిన నక్షత్రం పిన్నీ. ఈ మధ్యే అంటే పది లక్షల ఏళ్ళు, వాటి లెక్కలో పసిగుడ్డే. దాని చుట్టూ గ్యాసూ, దుమ్మూ ఇలా పళ్ళెంలా తిరుగుతుంటాయి. ఆ దుమ్మే ముద్దలు కట్టి గ్రహాలవుతుంది. మన భూమీ అలా తయారైందే. కొత్త గ్రహం ఏదైనా అందులో తిరుగుతుంటే దుమ్మును ఊడ్చుకుపోతుంది, ఆ దారి నల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత కోసమే వచ్చాను."

"కనిపించలేదా?"

"అంతా అలుక్కుపోయింది. చివరి రెండు డిష్‌ల లెక్క కుదరట్లేదు. ఇన్‌ఛార్జి సార్ ఆ రెంటినీ వదిలేయమంటున్నారు. డిష్‌లు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే చూపు అంత పదునుగా ఉంటుంది. ఆ రెండూ లేకపోతే మిగిలేది ఒట్టి మచ్చ. రేపట్నుంచి అన్నిటినీ దగ్గరికి జరిపేస్తారు. మళ్ళీ దూరంగా పరిచేది రెండేళ్ళకి. నా పరిశోధన గడువేమో ఈ ఏడాదితో సరి."

చివరి రెండూ అంటే తను నంబరు చూడకుండా దించినవే. పిన్ని పళ్ళెం వదిలేసి లేచింది. సరాసరి షెడ్‌కి వెళ్ళి మెకానిక్‌ను పట్టుకుంది.

"తొమ్మిదికి ఏం చేశావు?"

"మూలుగు వదిలించాను పిన్నీ!" అన్నాడు వాడు సంబరంగా. "నాలుగుకి కొత్త బేరింగు వేశాను. అది మాత్రం కొన్నాళ్ళు మూలుగుతుంది."

పిన్ని జీపు వేసుకుని మైదానం చివరిదాకా వెళ్ళింది. గొట్టం తగిలించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, తొమ్మిది అనుకున్నదాని పలక మీది కాగితం గీకింది. నాలుగు. రెండోదాని దగ్గరికి వెళ్ళి చూడాల్సిన పని లేకపోయినా వెళ్ళి చూసింది.

పిన్ని చాలాసేపు ఆ దిమ్మె మీదే కూర్చుండిపోయింది. కొత్త డ్రైవర్లకు పని నేర్పే ఉద్యోగం ఆమెకు ఖాయమైంది. సోమవారం కాగితాల మీద సంతకం పెట్టాలి. దాని కోసం ఆరేళ్ళుగా ఎదురుచూసింది. నోరు మూసుకుంటే రేపు ఎలాగూ తనే వీటిని తీసుకొస్తుంది, ఎవరికీ తెలియదు. ఆ పిల్ల దురదృష్టం అనుకుంటుంది, అంతే. అలా అనుకుంటుందన్న ఊహే పిన్నికి మింగుడుపడలేదు.

కంట్రోల్ రూమ్‌లో ఇన్‌ఛార్జి, దుమ్మమ్మాయి ఇద్దరే ఉన్నారు. "సార్, నాలుగూ తొమ్మిదీ తారుమారయ్యాయి. నేను దిగి చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను" అంది పిన్ని గుమ్మంలోంచే. ఆగితే మాట రాదని ఆమె భయం.

ఇన్‌ఛార్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపమొస్తే ఆయన చేసే పని అది. తుడుస్తూనే చెప్పాడు. ప్రతి డిష్‌కీ పుట్టుకతో ఓ వంకర ఉంటుందట. దాన్ని పక్కకీ పైకీ తిప్పే రెండు ఇరుసులూ సరిగ్గా ఒకేచోట కలవవు, రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. నంబరును బట్టి కంప్యూటర్ ఆ తేడాను సరిచేస్తుంది. వాళ్ళు పట్టుకునే తరంగం పొడవే ఒక్క మిల్లీమీటరు.

"ఒకరి కళ్ళజోడు ఇంకొకరికి పెట్టారన్నమాట" అని తనది మళ్ళీ పెట్టుకున్నాడు.

దుమ్మమ్మాయి అప్పటికే కంప్యూటర్‌లో ఆ రెండు నంబర్ల వరుసలూ తారుమారు చేసేసింది. "వచ్చిన తరంగాలన్నీ అలాగే ఉన్నాయి పిన్నీ, లెక్కే మళ్ళీ చెయ్యాలి. ఉండండి, వెళ్ళకండి." పిన్ని గోడ పక్కనే నిలబడింది. అరగంట గడిచింది.

మొదట తెర మీద అలుక్కుపోయిన మచ్చే వచ్చింది. తర్వాత నెమ్మదిగా దాని అంచులు తేటపడ్డాయి. నడిమధ్య వెలుగు, దాని చుట్టూ నారింజరంగు వలయం, ఆ వలయంలో సన్నగా, నల్లగా, గీసినట్టు ఒక ఖాళీ దారి.

పిన్ని తెర దగ్గరికి నడిచింది. నడిచినట్టు ఆమెకే తెలియలేదు.

"ఆ దారిలో..."

"ఉంది పిన్నీ. కనిపించదు గానీ ఉంది. దుమ్మును ఏరుకుంటూ పెద్దదవుతోంది." ఆ పిల్ల ఏడుస్తోంది. తెర మీదికి ఇంకో బొమ్మ తెచ్చింది, గ్యాసుది. ఒక సగం ఎరుపు, ఒక సగం నీలం. "ఎర్రది మన నుంచి దూరం పోతోంది, నీలం మన వైపు వస్తోంది. అంటే తిరుగుతోంది."

"ఇప్పుడా?"

"ఈ తరంగాలు బయలుదేరి నాలుగు వందల ఏళ్ళయింది. ఇప్పుడూ తిరుగుతూనే ఉంటుంది."

పిన్ని తన చేతుల వంక చూసుకుంది. గోళ్ళ కింద కాగితం జిగురు, దుమ్ము. నాలుగు వందల ఏళ్ళు ఎక్కడా ఆగకుండా వచ్చిన వెలుగును తన బద్ధకం చివరి మెట్టు దగ్గర చెరపబోయింది. సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా ఎన్నో రెట్లు పెద్దదేదో గుండెల్లో నిండింది. ఒక లోకం పుట్టడం చూస్తున్నానని ఆమెకు అర్థమైంది.

"శిక్షణ పని సంగతి... నియమం తెలుసుగా పిన్నీ" అన్నాడు ఇన్‌ఛార్జి నేల చూపులు చూస్తూ.

"తెలుసు సార్." రిజిస్టర్‌లో తన తప్పు తనే రాసి సంతకం పెట్టింది. జీపులో కూర్చున్నాక కాసేపు ఏడ్చింది. ఆరేళ్ళ ఆశ మరి.

సాయంత్రం ఆ నల్లటి దారి బొమ్మను కాగితం మీద అచ్చు వేయించుకుని ఇంటికి తెచ్చింది. మొగుడు మిషన్ ఆపి చూశాడు. అత్తగారు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది.

"దీన్ని చూసింది నువ్వు మోసే గిన్నెల్లో ఏదే?"

"ఏ ఒక్కటీ కాదత్తయ్యా. పన్నెండూ కలిసి చూశాయి. ఒక్కటి తప్పినా కనిపించదు."

ముసలావిడ బొమ్మ మీద వేలు పెట్టి ఆ నల్లటి దారి వెంట చుట్టూ ఒకసారి తిప్పింది. "మనమూ ఇంత దుమ్మేనన్నమాట" అంది. ఆ రోజు నుంచి వీధిలో గిన్నెల మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున డిష్‌లను దగ్గరికి జరపడం మొదలైంది. మొదటి దిమ్మె దగ్గర పిన్ని బండి ఆపింది. పైన ఉన్నది మూలుగుతోంది. అది ఏదో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. అయినా గొట్టం తగిలించుకుని, పదమూడు మెట్లూ దిగి, గాలికి ఎదురుగా నడిచి, పలక మీది దుమ్మును మోచేత్తో తుడిచి చదివింది.

"పిన్నీ, నంబరు చూశారా?" అడిగాడు ఇన్‌ఛార్జి.

"నాలుగు" అంది రొప్పుతూ. "దిగి చూశాను."