ట్యాంకు నోటి దగ్గర ఓబులేసు

ఈ ఎడారి దేశంలో, ఎగైలాలోని మా ఇంటి టీవీలో ఎవరో మంటల్లోకి దూకారు. ఆ అరుపులకీ ఈలలకీ నా చెయ్యి దానంతటదే చొక్కా కాలర్ మీదికి వెళ్ళింది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. వచ్చే ఏడు ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకోవడానికి దానికి ఆ హీరో ఒక్కడు చాలు. ఆ వయసులో నాకూ అలాంటివాడొకడు దొరికాడు. ఫ్యాక్టరీ పేలబోతుంటే పొగలోకి ఉరికి, వాల్వు తిప్పి, మసి మొహంతో బయటికొచ్చే ఇంజనీరు. విజయవాడలో ఆ సినిమా మూడుసార్లు చూసి కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరాను. మార్కులు కూడా కలిసొచ్చాయనుకోండి.

ఇక్కడికి దగ్గర్లోనే, షుఐబా చమురు శుద్ధి కేంద్రంలో నా మొదటి ఉద్యోగంలో పొగా లేదు, వాల్వులూ లేవు. సంతకాలు ఉండేవి. ఖాళీ చేసిన చమురు ట్యాంకుల్లోకి మనుషులు దిగి శుభ్రం చేసేవారు, ఆ పర్మిట్ల మీద నేను సంతకం పెట్టేవాణ్ణి. ట్యాంకు నోటి దగ్గర స్టూలు వేసుకుని ఓబులేసు కూర్చునేవాడు. ఇప్పటి అన్నమయ్య జిల్లా మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, కాంట్రాక్టు కూలీ. లోపలికి ఎవరు వెళ్ళారు, ఎవరు బయటికొచ్చారు అని నోటుపుస్తకంలో రాసుకోవడం, వాకీటాకీ పట్టుకుని కనిపెట్టి ఉండటం, అదే ఆయన పని. రోజంతా ఇలా కూర్చుంటే విసుగు రాదా అని ఒకసారి అడిగాను.

"విసుగొచ్చినంత సేపూ లోపల అందురూ బాగుండారని లెక్క, సారూ," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇలాంటివాణ్ణి ఏ సినిమాలోనూ చూపించరు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం లోపల బురద తీస్తున్న బీహార్ మనిషి ఉన్నట్టుండి కూలిపోయాడు. అడుగున మిగిలిపోయిన విషవాయువు. నేను పరిగెత్తాను. ఏమీ ఆలోచించలేదు, ఎన్నోసార్లు చూసిన సీన్లోకి వెళ్తున్నాను అంతే. తల లోపల పెట్టేలోపే ఎవరో కాలర్ పట్టుకుని వెనక్కి లాగారు, ఇసుకలో పడ్డాను. ఓబులేసు నా ఛాతీ మీద మోకాలు ఆనించి, వాకీటాకీలో రెస్క్యూ వాళ్ళని పిలిచాడు.

"వదులు. నీ ఉద్యోగం తీయిస్తాను," అని అరిచాను.

"తీయించు సారూ. వాడొకడు పడినాడు. నువ్వు పోతే ఇద్దురు. మాస్కులోళ్ళు వస్తాండారు, ఉండు."

గాలి సిలిండర్లు కట్టుకున్నవాళ్ళు వచ్చి మనిషిని బయటికి తెచ్చారు. ఊపిరి ఉంది. ఆ నాలుగైదు నిమిషాలూ మాత్రం నేను ఓబులేసుని మనసారా అసహ్యించుకున్నాను.

కోలుకున్నాక ఆ బీహార్ మనిషి ఖర్జూరాల పెట్టెతో నా దగ్గరికి వచ్చాడు. ఇంజనీరు సాబ్ తన కోసం ప్రాణాలకు తెగించి పరిగెత్తారని తోటివాళ్ళు చెప్పారట. నా చేతులు కళ్ళకద్దుకున్నాడు. ఓబులేసు పక్కనే స్టూలు మీద ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను.

"తీసుకో సారూ. వానికీ ఒక హీరో కావల్ల గదా," అన్నాడు నోటుపుస్తకం లోంచి తల ఎత్తకుండా.

తీసుకున్నాను. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు, హిందీలో అది నాకు వచ్చు కూడా. చెప్పలేదు. మరుసటి ఏడు, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా గడువు అయిపోయి ఓబులేసు ఊరెళ్ళిపోయాడు. ఆ సిగ్గు నా దగ్గరే ఉండిపోయింది.

టీవీలో సినిమా అయిపోయింది.

"నాన్నా, నువ్వెప్పుడైనా ఇలా ఎవరినైనా కాపాడావా?" అని అడిగింది అమ్మాయి.

"లేదమ్మా. నన్నే ఒకాయన కాపాడాడు."

"ఏం చేసేవాడు?"

"స్టూలు మీద కూర్చునేవాడు."

అది టీవీ కట్టేసి నా వైపు తిరిగింది. ఖర్జూరాల సంగతితో సహా అంతా చెప్పాను. ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి.