బిగించని నట్టు

మోదెనా ఊరి బయట, రైలు పట్టాలకు ఇవతల, తండ్రి వదిలివెళ్లిన షెడ్డులో నీవెస్ బార్బొలీని పాత కార్లకు సీట్లు కుడుతుంది. తమ్ముడు ఎర్మెస్ అక్కడే వైర్లు, రేడియోల పని చూస్తాడు. ఎదురుగా కాఫీ బారు నాదే కాబట్టి వాళ్ల మంచీ చెడూ నాకు కనబడుతూనే ఉంటాయి.

ఆ వసంతంలో లెయార్కో ముసలాయన తన కారు తెచ్చాడు. పందెం కార్ల ఇంజన్లతో జీవితమంతా గడిపిన మనిషి. రెండే సీట్లున్న ఆ పాత కారు తుక్కుగా దొరికితే సొంత చేతులతో బతికించుకున్నాడు. లోపలి తోలు మీద మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఇప్పుడు భార్య ఓర్నెల్లా మొండికేసింది.

"స్ప్రింగులు నడుం విరగ్గొడుతున్నాయి. ఈయనేమో స్టీరింగు పట్టుకుంటే నోరు విప్పడు. పాటైనా వినబడకపోతే నేనెక్కను. ఆ కారుతోనే కాపురం చేసుకోమను."

"చెయ్యి నీవెసమ్మా," అన్నాడు లెయార్కో దిగులుగా. "కానీ స్పీకర్ల కోసం తలుపులకి ఒక్క కొత్త కన్నం పడినా నీ గుమ్మంలోనే పడి చస్తాను."

"అంత పని చెయ్యకండి, వచ్చే గిరాకీ భయపడిపోతుంది," అంది నీవెస్.

సీటు అడుగున ఎండ తగలక రంగు వెలవని పాత ఎర్రతోలు ముక్క ఒకటి దొరికింది. ఆ ఎరుపుకు సరిపోయే తోలు ఒకే ఒక్కటి సంపాదించింది. పాత రేడియో ముఖం అలాగే ఉంచి లోపల కొత్త సరుకు పెట్టాలి. స్పీకర్లు సీట్ల వెనక దాచాలి. ఇదంతా ఆమెకు భయం కాదు. భయమల్లా తమ్ముడి కుడిచెయ్యి.

చలికాలం నుంచి ఆ చెయ్యి వణుకుతోంది. నా దగ్గర కాఫీ కప్పు ఎడమచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. నేనూ చూశాను, ఆమె కూడా చూసింది. ఎవరమూ నోరెత్తలేదు.

"వైర్ల పని ఈసారి బయటివాళ్లకిద్దామా?" అని ఒకరోజు అడిగింది.

"ఎందుకు?"

"నీకు పనెక్కువైందేమోనని."

"నేను ఖాళీగా గోళ్లు గిల్లుకుంటుంటే పనెక్కువైందంటావేంటక్కా?"

ఆ తర్వాత ఆమె కళ్లు కుట్టు మీదున్నా చెవులు తమ్ముడి మీదే ఉండేవి. డాష్‌బోర్డు కింద స్క్రూడ్రైవరు జారిపడిన ప్రతిసారీ మిషను మీద చెయ్యి ఆగిపోయేది.

రేడియో పెట్టి చూసే రోజు, ఎర్మెస్ నా బారుకు కాఫీకి వచ్చినప్పుడు, ఆమె బ్యాటరీ వైరు నట్టు వదులు చేసింది. అతను తిరిగి వెళ్లి స్విచ్చి నొక్కాడు. కరకరమంది. వెంటనే డాష్‌బోర్డు కింద నుంచి పొగ. నీవెస్ పరుగెత్తి బ్యాటరీ వైరు పట్టి లాగింది. చటుక్కున ఊడొచ్చింది.

మంట రేగలేదు. కానీ పక్క సీటు ముందంచున, మోకాళ్లు వచ్చే చోట అరచెయ్యంత మేర కొత్త తోలు నల్లబడి ముడుచుకుపోయింది. ఎర్మెస్ దానికేసి చూడలేదు. బ్యాటరీకేసి చూశాడు.

"ఈ నట్టు పొద్దున నేను బిగించాను."

ఆమె చేతిలోని వైరు కిందకు వదిలేసింది.

"అంటే తగలబెడతానని నీకు ముందే తెలుసన్నమాట."

"అలా కాదురా. భయమేసింది. ఏదైనా అయితే వెంటనే లాగెయ్యొచ్చని."

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. చొక్కా పై గుండీ తడుముకుంటూ అన్నాడు: "చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నానక్కా."

సాయంత్రం లెయార్కో వచ్చేసరికి నీవెస్ గుమ్మంలోనే నిలబడి, "కారు కాలింది. నాదే తప్పు," అంది. ఆయన వంగి చూసి, మా ఊరి తిట్లన్నీ వరసపెట్టి తిట్టాడు. నాకు ఇవతలికి వినబడ్డాయి.

"అక్కది కాదు," అన్నాడు ఎర్మెస్. "వైరు సరిగ్గా చుట్టలేకపోయాను. నా చెయ్యి వణుకుతోంది."

"ఏదీ, చూపించు." లెయార్కో ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. "డాక్టరు దగ్గరికెళ్లావా?"

"లేదు."

"గాడిదా! ఇంజను కాస్త వణికితే రాత్రికి రాత్రి విప్పేస్తాం. చెయ్యి వణికితే దాచుకుంటావా?"

అలాగని క్షమించెయ్యలేదు. తాళాలు జేబులో వేసుకుని, పనయ్యేదాకా అక్కడే కుర్చీ వేసుకు కూర్చుంటానన్నాడు. కూర్చున్నాడు కూడా. అది నీవెస్‌కు మరో నరకం. మిగిలిన తోలులో అంత పెద్ద ముక్క రాలేదు. రెండు ముక్కలు కలిపి, అతుకు నీడలో పడేలా కుట్టింది. వైర్లు కూడా ఆమే కలపాల్సి వచ్చింది. చేతులు ఆమెవి, నోరు తమ్ముడిది.

"అది కాదక్కా, దాని కిందది. లాగకు, తిప్పు."

"నామీద అరవకు, అసలే ఒళ్లంతా చెమటలు."

స్విచ్చి నొక్కేటప్పుడు బ్యాటరీ దగ్గర ఎర్మెస్ నిలబడ్డాడు. ఆమె కళ్లు మూసుకుని నొక్కింది. కాసేపు గరగర, ఆ తర్వాత సీట్ల వెనక నుంచి స్పష్టంగా వాతావరణ వార్తలు.

"కొండల్లో వానట," అంది భర్తతో వెళ్లడానికి వచ్చిన ఓర్నెల్లా, సీట్లో సర్దుకుంటూ. "పాటెప్పుడొస్తుందో గానీ, ఈ సీటు మాత్రం హాయిగా ఉంది."

లెయార్కో అతుకును వేలితో తడిమాడు. జేబులోని తాళాలు బయటికి లాగి బండి తీశాడు.

ఎర్మెస్‌ది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదని బొలోన్యా పట్నం డాక్టర్లు తేల్చారు. మాత్రలతో వణుకు కొంత తగ్గింది. సన్నపని ఇప్పుడు నీవెస్ చేస్తుంది, అతను పక్కన కూర్చుని చెబుతాడు, ఇద్దరూ అరుచుకుంటారు. మొన్న కాఫీకి వచ్చినప్పుడు అతను గడప దాటుతూ కాస్త తడబడ్డాడు. నీవెస్ చప్పున అతని మోచెయ్యి పట్టుకుని అడిగింది:

"కాలు కూడానా? చెప్పు, దాచకు."

"గడప ఎత్తుగా ఉందక్కా," అన్నాడతను.

నిజమే, మా గడప కాస్త ఎత్తే. అయినా ఆమె ఆ మోచెయ్యి వదల్లేదు.