బిందె మీద పేరు

సికింద్రాబాదు మారేడ్‌పల్లిలో ఎలీసబెతును అందరూ బైబిలమ్మ అనేవారు. పన్నెండేళ్లుగా ఆమె క్రైస్తవ సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు చదువు, కుట్టుపని నేర్పేది. నడుమ నడుమ ఏసు ప్రభువు మాటలు చెప్పేది. ఒకరినొకరు ప్రేమించుకోవాలన్నదే ఎక్కువగా చెప్పేది. సూదిలో దారం ఎక్కించినంత సులువుగా చెప్పేదాన్నని తరవాత తనే ఒప్పుకుంది.

1948లో నిజాం రాజ్యం మీద పోలీసు యాక్షన్ అయిన నెలకు, జిల్లాల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన ముస్లిం కుటుంబాలు కొన్ని తిరుమలగిరి దారిలో ఒక పాత షెడ్డులో తలదాచుకున్నాయి. గంజి తీసుకెళ్లిన ఎలీసబెతుకు అక్కడ జ్వరంతో ఒంటరిగా పడి ఉన్న నజ్మున్నీసా కనిపించింది. ఇరవై ఏళ్లుంటాయి. బీదర్ దారిలో ఒక చిన్న ఊరు ఆమెది. తండ్రి ఇమాం వలి గాజుల వ్యాపారి. ఊరి మీదికి గుంపు వచ్చిననాడు కూతుర్ని దొడ్డిదారిన పంపేసి తాను ఇంట్లోనే ఉండిపోయాడు. ఏమయ్యాడో ఆమెకు తెలియదు.

ఎలీసబెతు ఆమెను రిక్షాలో ఇంటికి తెచ్చుకుంది.

"రజాకార్లు మనల్ని తక్కువ ఏడిపించిన్రా?" అంది పక్కింటి రోసమ్మ.

"ఈ పిల్ల ఎవల్ని ఏడిపించింది?" అంది ఎలీసబెతు.

మూడో రోజు జ్వరం తగ్గింది. నీళ్లకని వంటింట్లోకి వెళ్లిన నజ్మున్నీసా ఎంతకూ బయటికి రాలేదు. ఎలీసబెతు వెళ్లి చూస్తే, నేల మీద కూర్చుని రాగి బిందె అంచును వేలితో తడుముతోంది. అక్కడ ఉర్దూలో ఏదో చెక్కి ఉంది.

"ఇది మా అబ్బా పేరు, అమ్మా. ఇమాం వలి."

ఎలీసబెతు బిందె అంచు మీదికి వంగి చూసింది. ఆ బిందెను నెల కిందట తన భర్త ఏసురత్నం తెచ్చాడు. మిలిటరీకి సామాను మోసే లారీ నడిపేవాడతను. పాత సామాన్ల బజారులో కొన్నానన్నాడు. ఆమె నమ్మి, తోమి, రోజూ అందులోనే నీళ్లు పట్టింది. ఆ నీళ్లే ఈ పిల్ల నోట్లో పోసింది.

మధ్యాహ్నం ఏసురత్నం వచ్చాడు. గుమ్మంలోనే ఆమె అడిగింది. "ఈ బిందె యాడికెళ్లి తెచ్చినవ్?"

అతను బిందెను చూశాడు, నజ్మున్నీసాను చూశాడు. "బీదర్ దారిల ఒక ఊర్లె. తలుపులు తెరిచే ఉండె. అందరు తీసుకపోతున్రు. నేను ఒక్కటే తెచ్చిన."

నజ్మున్నీసా ముసుగు సరిచేసుకుని లేచి నిలబడింది. "బిందె పోనీ. ఇంట్ల మా అబ్బా ఉండె. చూసినవా?"

ఏసురత్నం గుమ్మంలోనే కూర్చున్నాడు.

"చూసిన. గడపకు అడ్డం పడి ఉండె. పానం లేదు. దాటుకుంట లోపలికి పోయిన."

ఎలీసబెతు భర్త వంకే చూసింది. పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి. ప్రతి ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడే మనిషి.

నజ్మున్నీసా ఏడవలేదు. "మట్టి చేసిన్రా?" అని మాత్రం అడిగింది.

"తెల్వదు బిడ్డా."

"నన్ను బిడ్డా అనకు."

మర్నాడు ఎలీసబెతు మాట మీద ముగ్గురూ లారీలో ఆ ఊరు వెళ్లారు. ఎదురింటి తుకారాం వాళ్లను ఇమాం వలి ఇంటి పెరట్లోకి తీసుకెళ్లాడు. గుంపు మళ్లీ వస్తుందని భయపడుతూనే, గాజుల సాయబును తనొక్కడే గుంట తవ్వి పూడ్చానన్నాడు. నజ్మున్నీసా ఆ మట్టి మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏసురత్నం రాళ్లేరి తెచ్చి చుట్టూ పేర్చాడు. అతన్ని ఎవరూ వద్దనలేదు, అతనికి సాయమూ పట్టలేదు.

ఆ తరవాత ఆరు నెలలు ఎలీసబెతు ఎవరింటికీ పాఠం చెప్పడానికి పోలేదు. ఎందుకని పాస్టరుగారు వచ్చి అడిగారు.

"నోరు వస్తలేదయ్యగారు. ఇంట్ల ఇద్దరికి అన్నం పెడుతున్న. ఒకరిని చూస్తే జాలి, ఒకరిని చూస్తే భయం. ఇద్దరిని ప్రేమించుడు ఎట్లనో ముందుగాల నేను నేర్చుకోవాలె."

నజ్మున్నీసా మూడేళ్లు ఆ ఇంట్లోనే ఉండి కుట్టుపని నేర్చింది. ఏసురత్నంతో ఒక్క మాట మాట్లాడలేదు. షంషీర్ అనే దర్జీతో ఆమెకు పెళ్లయిన రోజున ఏసురత్నం లోపలికి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. నజ్మున్నీసా పళ్లెంలో బిర్యానీ పెట్టి ఎలీసబెతు చేతికిచ్చింది.

"ఆయనకియ్యి, అమ్మా. పొద్దట్నుంచి ఎండల నిలబడ్డడు."