అడ్డంగా ఊగిన తల

రుమ్యానాకు కావలసింది ఒక్కటే. హంగేరీలో ఎక్కడో ఉన్న పిరోష్కా తన వెబ్‌సైట్ చూసి ఒక్క ముక్క రాయాలి. పదకొండేళ్ళపాటు ఆ ఇద్దరూ వచ్చీరాని రష్యన్‌లో ఉత్తరాలు రాసుకుంటూ అగ్గిపెట్టెల మీది బొమ్మలు మార్చుకున్నారు. తర్వాత ప్రభుత్వాలు తలకిందులయ్యాయి, ఇళ్ళు మారాయి, రాసిన ఉత్తరాలు తిరిగొచ్చాయి. మా రూసె ఊరి బస్టాండులో ముప్ఫైరెండేళ్ళు మైకులో బస్సుల వేళలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు ఆ బొమ్మలన్నీ సైట్లో పెట్టుకుంది. వాటిని చూస్తే పిరోష్కా పోల్చుకోకపోదని ఆవిడ ధీమా.

మొదటి పేజీలో తన ముఖం ఉండాలనుకుంది. ఫొటో పెట్టమంటే ససేమిరా అంది. అగ్గిపెట్టె బొమ్మంత చిన్నగా, గళ్ళలో రంగు నింపిన పిక్సెల్ బొమ్మే కావాలట. లైబ్రరీలో కంప్యూటర్ నేర్పే మిరోస్లావా అడ్డం ముప్ఫైరెండు, నిలువు ముప్ఫైరెండు గళ్ళు తెరిచిచ్చి, ఇందులోనే నువ్వు పట్టాలి పిన్నీ అంది.

పట్టడం అంత తేలికా? చెంపలకే పదిహేడు రంగులు వాడితే తట్టు పోసినట్టు వచ్చింది. జుట్టు గుండ్రంగా తిప్పబోతే మెట్లు మెట్లుగా తేలింది. అయిదు రంగులు మించొద్దని, ముక్కుకు ఒక్క గడి చాలని మిరోస్లావా చెబితే, ఇంత ముక్కుకు ఒక్క గడేనా అని అద్దం చూసుకుంది. నిజంగానే చాలింది! ఆ రోజు నుంచీ ఆవిడను పట్టలేకపోయాం. చిక్కుడు గింజల చారు రెండుసార్లు మాడ్చింది, ఒక్కసారీ బాధపడలేదు.

బొమ్మ కింద ‘ఇక్కడ రాయొచ్చా?’ అని నాలుగు భాషల్లో పెట్టింది. జవాబుగా బొమ్మ తల ఆడించాలి. ఒక గడి ఎడమకు, ఒక గడి కుడికి. అవునంటే మా దేశంలో తల ఊగేది అలా అడ్డంగానే కదా, నిలువుగా ఊగితే వద్దని! మిరోస్లావా భేష్ అంది. పక్కింటి గిన్కా కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది.

“అచ్చం నువ్వేనే. కాకపోతే ఇది నోరు మూసుకునుంది.”

మా ఊరివాళ్ళు బాగానే రాశారు. పాత డ్రైవర్లయితే ఆవిడ మైకు గొంతును ఆటపట్టిస్తూ పేజీలు నింపారు. పిరోష్కా మాత్రం రాయలేదు. ఏ దేశం నుంచి ఎందరొచ్చారో సైట్ చూపిస్తుంది. హంగేరీ నుంచి మూడు నెలల్లో నాలుగుసార్లు ఎవరో వచ్చి వెళ్ళారు. వచ్చి, చూసి, పలకరించకుండా పోయిందంటే ఇక తను అక్కర్లేదనేగా! రుమ్యానా వారం రోజులు కంప్యూటర్ ముట్టలేదు.

తరవాత ఈమెయిల్ వచ్చింది. అదే వచ్చీరాని రష్యన్.

“నాలుగుసార్లు వచ్చాను. రాయొచ్చా అని నువ్వే అడిగి, వద్దు వద్దని నువ్వే తల ఊపుతున్నావు. కుందేలు బొమ్మ పంపుతానని పంపలేదని ఇంకా కోపమా? తిట్టాలనుంటే నోటితో తిట్టు రుమ్యానా, పడతాను.”

మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఠపీమని నెత్తి కొట్టుకుంది. దేశం దాటి నాలుగడుగులేస్తే అడ్డంగా ఊగిన తలకు అర్థం వేరు కదూ! నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముప్ఫై ఏళ్ళు వెతుక్కుంటూ వచ్చిన మనిషిని గుమ్మంలోంచి నాలుగుసార్లు తిప్పి పంపింది తన ముఖమే.

గడ్డం ఒక గడి కిందికి దించితే చాలు, తల నిలువుగా ఊగుతుంది. పది నిమిషాల పని. పూటంతా పట్టింది. ఆడించి చూసినప్పుడల్లా ఆవిడ కళ్ళకు ఆ బొమ్మ పిరోష్కాను పొమ్మంటున్నట్టే ఉంది. తెలిసి కూడా చేయి రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని బటన్ నొక్కేసింది.

గంట తిరక్కుండా గిన్కా ఊడిపడింది. “ఏమే, మమ్మల్నందర్నీ పొమ్మంటున్నావా?”

“అది నీకు కాదే. నువ్వయితే వద్దన్నా తలుపు తోసుకొస్తావు. పిరోష్కా వద్దంటే వెళ్ళిపోయింది.”

గిన్కా కుర్చీ లాక్కుని పక్కన కూచుంది. ఇద్దరూ తెర వంక చూస్తూ కాఫీ తాగుతుండగానే బొమ్మ కింద పిరోష్కా రాత మొదలైంది. ఊ అన్నావుగా, ఇక నేను రాయడం ఆపితే ఒట్టు అని మొదటి ముక్క.