అరుగు మీది ముక్కాలిపీట

మెహజబీన్ ఒక మాటను తొమ్మిదేళ్ళుగా మనసులో భద్రంగా దాచుకుంది. తంగెళ్లమూడిలో తివాచీలు నేసే షెడ్డులో, ఉన్నిధూళికి ఊపిరాడక, ఆమె కిటికీ తెరవమని అడిగిన రోజున యజమాని పట్టాభిరామయ్య అందరి ఎదుటా అన్న మాట అది.

"కిటికీ తీస్తే ఎండకి రంగులు వెలిసిపోవూ? నాటకాల కంపెనీలో చేరమ్మా, మంచి వేషమిస్తారు. అందాకా ఆ అరుగు మీద కూర్చో."

మగ్గాల వెంట నవ్వు పాకింది. సాయంత్రం దాకా ఆమెను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, రేపట్నుంచి రావద్దన్నాడు.

ఆమె ఉబ్బసాన్ని అదుపులోకి తెచ్చింది ఏలూరులోని ఒక ట్రస్టు ఆసుపత్రి. అక్కడ డాక్టరూ, నర్సూ, ఇళ్ళకు వెళ్ళి రోగిని చూసివచ్చే కార్యకర్తా ఒకే కార్డు మీద రాస్తారు. ఒకరు చూసింది మరొకరికి తెలియకుండా పోదు. కొన్నాళ్ళకు మెహజబీనే అక్కడ కార్యకర్తగా చేరింది. 2007 వేసవిలో నర్సు సారమ్మ అందించిన కొత్త కార్డు మీద పట్టాభిరామయ్య పేరుంది.

"నిన్ను పనిలోంచి తీసేసింది ఆయనేగా? పోనీ, ఇంకొకర్ని పంపనా?"

"వద్దక్కా. నేనే వెళ్తాను."

షెడ్డులోనే కూర్చుని ఉన్న పట్టాభిరామయ్య ఆమెను గుర్తుపట్టలేదు. ఆ మరుపు పాత నవ్వు కంటే లోతుగా దిగింది. ఊపిరి బలం కొలిచే గొట్టంలో ఆయన ఊదితే ముల్లు నూట డెబ్బై దగ్గర ఆగిపోయింది. తరువాత ఇన్‌హేలర్ వాడి చూపించాడు. నొక్కిన మరుక్షణమే మందంతా నోట్లోంచి బయటికి వదిలేశాడు.

"సరిగ్గానే పీలుస్తున్నానా అమ్మా?"

లోపలికి పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. ఆ ఒక్క ముక్క చెప్పకుండా ఉంటే చాలు. అడిగేవారు లేరు. ఆమె ఇన్‌హేలర్‌ను చేతిలోకి తీసుకుంది. కరుణ కంటే కక్షకు ఓపిక ఎక్కువ; శత్రువు బతికి ఉండాలని అదే గట్టిగా కోరుకుంటుంది. చచ్చినవాణ్ణి పీట మీద కూర్చోబెట్టలేం.

"లేదండీ. పది దాకా బిగబట్టాలి," అని దగ్గరుండి నేర్పింది.

అప్పుడు కార్డు మీద తాను కళ్ళారా చూసింది మాత్రమే రాసింది: మూసిన కిటికీలు, నేల మీద మేటవేసిన ఉన్నిధూళి, అందులో దగ్గుతున్న నలుగురు నేతగాళ్ళు. ఒక్క అబద్ధమూ అవసరం కాలేదు. మూడో రోజుకు డాక్టరు ఆదేశం వచ్చింది: కిటికీలు తెరవాలి, ఉన్నిని బయటే దులపాలి, రోగి షెడ్డులో అడుగు పెట్టరాదు.

"రంగులు వెలిసిపోతాయి!" అని పట్టాభిరామయ్య గింజుకున్నాడు.

"వెలిస్తే వెలుస్తాయి. మీరా గడప తొక్కారంటే నా మీద ఒట్టే," అంటూ భార్య మంగతాయారు ముక్కాలిపీట తెచ్చి అరుగు మీద వేసింది.

నెల తిరిగేసరికి ముల్లు రెండు వందల అరవైకి ఎక్కింది. లోపల నేతగాళ్ళ దగ్గూ తగ్గింది. అందులో మెహజబీన్‌కు దక్కిన తృప్తి కొంచెమే. ఆమె చూపు పీట మీదే ఉంది.

"ఎంతసేపమ్మా ఇలా బయట?"

"సాయంత్రం దాకా కూర్చోండి. కుదరదంటే నాటకాల కంపెనీలో చేరండి, మంచి వేషమిస్తారు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

"నువ్వా..."

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది." ఆమె గొట్టం అందించింది. "ఇంకోసారి ఊదండి."