ఉపదేశి గారు కాపాడిన నాలుగు ఆదివారాలు

మా ఉపదేశి గారు పోయిన శుక్రవారం మధ్యాహ్నం కన్నుమూశారు. కృష్ణానగర్ చర్చి సంఘంలో చాలామందికి ఆయన ప్రార్థన చెప్పే ముసలాయన. నాకు మాత్రం నలభై దాటాక అక్షరాలు నేర్పిన గురువు. ఆయన గురించి చెప్పేముందు, పదేళ్లుగా నా కడుపులో ఉన్న మంట చెప్పాలి. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలాన్ని మనవాళ్లు చంపేశారు. దాని మీద సెమీ క్రిస్మస్ అని బ్యానర్ కట్టి, డిసెంబరు రాగానే కేకులు కోస్తున్నారు.

నేను సినిమా సెట్లు కట్టే వడ్రంగిని. ఫిల్మ్ నగర్‌లో ఎన్ని కోటలు కట్టానో, ఎన్ని కూల్చానో నాకే గుర్తులేదు. సంఘంలో చేరిన కొత్తలో నా పనితనం చూపిద్దామని, డిసెంబరు మొదటి ఆదివారమే మందిరం మీద పెద్ద నక్షత్రం ఎక్కించాను. ఉపదేశి గారు వచ్చి నిచ్చెన కింద నిలబడ్డారు.

"మేస్త్రీ, దింపవయ్యా."

"ఎందుకండీ? బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. వచ్చేవాడే ఇంకా రాలేదు. హీరో కారు దిగకముందే మీ సెట్లో క్లాప్ కొడతారా?"

దింపాను. ఆ సాయంత్రమే పలక మీద 'ఆగమనం' అని రాసి నా చేత దిద్దించారు. ఆగమనం అంటే రాక అనీ, ఆగమన కాలమంటే పండగ కాదు, పండగకు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు అనీ చెప్పారు. వారానికి ఒక్క కొవ్వొత్తే కొత్తగా వెలిగించాలి. "అన్నీ ఒకేసారి ముట్టించకు. కొన్నాళ్లు చీకటి కూడా చూడాలి" అనేవారు.

ఆ నాలుగు వారాలూ ఆయన కేకు ముట్టేవారు కాదు. ఎవరైనా ఇస్తే బీరువా మీద పెట్టి ఇరవై ఐదున తినేవారు. ఒకసారి బూజు పట్టింది. గోకేసి తిన్నారు. సాయంత్రాలు యూసుఫ్‌గూడ సందుల్లో మంచాన పడ్డ జూనియర్ ఆర్టిస్టుల గదులకు వెళ్లి ఊరికే కూర్చునేవారు. అంతసేపు ఏం మాట్లాడతారండీ అని అడిగాను. "మాటలేం లేవు. ఎదురుచూసేవాళ్ల పక్కన కూర్చోవడమే ఈ కాలంలో మన పని" అన్నారు.

ఈసారి మంచాన పడింది ఆయనే. నాకు రెండుసార్లు కబురు పెట్టారు. నేను ఆ సెమీ క్రిస్మస్‌కే మందిరంలో స్టేజీ మీద థర్మాకోల్‌తో యేసు పుట్టిన బేత్లెహేము కడుతున్నాను. తిట్టుకుంటూనే కట్టాను. బాగుందని నలుగురూ అంటుంటే పొంగిపోయాను కూడా. "స్టేజీ అవగానే వస్తానని చెప్పండి" అన్నాను. శుక్రవారం ఆఖరి మేకు కొట్టేసరికి ఆయన కోడలు ఫోన్ చేసింది.

శనివారం ఆయన్ని పెట్టెలో ఉంచి మందిరానికి తెచ్చారు. పెట్టె దించాల్సిన ప్రార్థన బల్ల ముందు చోటు లేదు, నా బేత్లెహేము ఉంది. పీకేస్తానన్నాను. ఒక సంఘపెద్ద అడ్డం వచ్చాడు.

"ఏంది తాతా, రేపు గెస్ట్ వస్తుండు. అంతా ఖరాబ్ అయితది. గీ షామియానా కిందనే కానిద్దాం."

"ముప్పై ఏళ్లు ఇందులో ప్రార్థన చేసిన మనిషయ్యా."

"ఆయనేం అనుకోడు తీ."

నేను సుత్తి కింద పెట్టేశాను. అది నా తప్పు. ఉపదేశి గారిని రోడ్డు పక్కన, బైకుల మధ్య నుంచి సాగనంపాం. మర్నాడు ఆ మందిరంలోనే కేకు కోశారు.

సంఘపెద్దలూ, వచ్చే ఆదివారం నాలుగోది. ఆ స్టేజీ తీసేసి, ఆయన పెట్టె ఉండాల్సిన చోట నాలుగు కొవ్వొత్తులు పెట్టి, లైట్లు ఆర్పి, ఒక గంట ఊరికే కూర్చుందాం. ఒప్పుకుంటారా, లేదా? శనివారం సాయంత్రం ఆరింటిలోపు నా మొహం మీదే చెప్పండి. ఆ మేకులన్నీ నేను కొట్టినవే. ఏది ఎక్కడుందో నాకు తెలుసు.