దినాలు అయిపోయినవాడు

జర్మనీ యుద్ధం ఆగి సంధి కుదిరిన ఏడు, కడప రైలు స్టేషనులో ఒక సిపాయి నా తలపాగా చూసి లేచి నిలబడ్డాడు. మాది పాళెగాళ్ళ కుటుంబం. కోట పోయి తరాలైనా అలా లేచేవాళ్ళు అప్పటికి ఇంకా ఉండేవారు.

"యాడికి పోతాండావు?" అన్నాను.

"వేంపల్లె పక్కన మా ఊరికి దొరా. బస్రా కాడ యుద్ధంలో నేను సచ్చిపోయినానని తంతి వచ్చిందంట. మా నాయన దినాలు గూడా చేసేసినాడంట. ఇప్పుడు పోతే దయ్యమని తలుపు తీయరేమో."

చేయి చాచాడు. "పట్టుకొని చూడండి దొరా. మనిషినేనా?"

పరాయివాళ్ళను తాకే అలవాటు మా ఇంట లేదు. అయినా మణికట్టు పట్టుకున్నాను. నాడి ఆడుతోంది.

"బతికే ఉండావు. నేను చెప్పినానని తలుపు తీయమను, పో."

"మీ మాటంటే తీస్తారు," అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మా వంశం ఇచ్చిన చివరి ఆజ్ఞ అదే. అది చెల్లిందో లేదో నాకు నేటికీ తెలియదు.